వేపకే మందు కావాల్సి వచ్చిన ఏడాది

పెద్దమ్మ పెద్దకర్మకు ఊరికి పోయాను. జనగామలో బస్సు దిగి ఆటో ఎక్కితే మా ఊరు. ఇంటి ముందు టెంట్ వేశారు, కుర్చీలు వేశారు. అయినా పెద్దమనుషులంతా పోచమ్మ గుడి దగ్గర వేప కిందికే చేరారు. ఉగాది అప్పుడే దాటింది, చెట్టు నిండా పూత. ఆకు నోట్లో పెట్టుకుంటే అంత చేదు, పువ్వుకు మాత్రం ఇంత కమ్మటి వాసన ఎట్లా వచ్చిందో అని నాకు చిన్నప్పటి నుంచీ ఆశ్చర్యమే. తెల్లటి పూరేకులు కండువాల మీద, తలల మీద రాలుతున్నాయి. ఎవరూ దులుపుకోవడం లేదు.

పెద్దమ్మ ఉంటే పువ్వును ఇట్లా మట్టిపాలు కానిచ్చేది కాదు. రాత్రే పాత చీర ఒకటి చెట్టు కింద పరిచి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టి పోయేది. తెల్లారి రాలిన పువ్వంతా చాటలోకి ఎత్తుకుని, ఆకులూ పుల్లలూ చెరిగేది. ఉగాది పచ్చడికి మా వాడకట్టు ఇళ్ళన్నిటికీ వేపపువ్వు ఆమె చాటలోంచే పోయేది. మిగిలింది నీడకు ఎండబెట్టి డబ్బాలో దాచేది. ఎవరింట్లో పిల్లలకు కడుపులో పురుగులున్నాయన్నా ఆ డబ్బా మూత తెరుచుకునేది.

పక్కన కూర్చున్న చిన్నాయన కొమ్మల్లోకి చూస్తూ అన్నాడు.

"ఆ యేడు ఇది పోయిందే అనుకున్నం గదరా. మీ పెద్దమ్మే కొట్టనియ్యలే."

ఆ మాట విన్నప్పటి నుంచి మనసు ఊరుకోలేదు. గుర్తున్నంత వరకు రాసి పెట్టుకుందామని కూర్చున్నాను.

*

మా ఇంట్లో పొద్దు వేపతోనే మొదలయ్యేది. చేదబావి గిలక కిర్రుమనే చప్పుడు, వాకిట్లో సానుపు చల్లే చప్పుడు, ఆ వెంటనే నాయన పందుంపుల్ల విరిచే చప్పుడు. లేత కొమ్మను చూసి చిటికెన వేలంత లావుది విరిచేవాడు. ఒక కొస నమిలి కుంచె చేసుకుని, అట్లాగే పశువుల కొట్టం దాకా నడుచుకుంటూ పోయేవాడు. పళ్ళు తోముతూనే ఎద్దులకు గడ్డి వేసేవాడు, దారిన పోయేవాళ్ళతో మాట్లాడేవాడు. పిల్లలకు మాత్రం లేత పుల్ల, అదీ సగమే. చేదుకు మొహాలు ముడుచుకుంటే నాయనమ్మ "మింగురా, కడుపుల పురుగు చస్తది" అనేది.

వడ్లు గుమ్మిలో పోసేటప్పుడు ఒక వరుస వడ్లకు ఒక వరుస ఎండు వేపాకు. పెసర్లలో, కందుల్లో కూడా అంతే. వానాకాలం ముసురు పట్టిందంటే సాయంత్రం కొట్టంలో పచ్చి వేపాకు పొగ. కళ్ళు మండేవి కానీ దోమల బాధ తగ్గి పశువులు స్థిమితంగా పడుకునేవి. ఇంటి దర్వాజా చెక్క వేప, నాగలి మేడి వేప, ఎండాకాలం మధ్యాహ్నం మంచం వేసుకునేది వేప కింద.

నాకు అమ్మవారు పోసినప్పటిది బాగా గుర్తుంది. చీకటి గదిలో చాప మీద వేపాకు పరిచి పడుకోబెట్టారు. గుమ్మానికి వేప మండలు కట్టారు, అంటే ఆ ఇంటికి బయటివాళ్ళు రాకూడదని లెక్క. దురద పెట్టినప్పుడల్లా పెద్దమ్మ వేప రెమ్మతో మెల్లగా నిమిరేది, గోళ్ళు మాత్రం పెట్టనిచ్చేది కాదు. తగ్గాక వేపాకు, పసుపు వేసి ఎండలో కాగబెట్టిన నీళ్ళు పోశారు. ఆ తర్వాత పోచమ్మకు బోనం. కుండ మీద వేప రొట్ట, చేతుల్లో వేప రొట్ట, దారి పొడుగునా నలిగిన వేపాకు వాసన. ఆ గుడిని వేప లేకుండా నేను ఊహించలేను. నిజానికి మా చిన్నప్పుడు గుడి అంటే చెట్టు మొదట్లో పసుపు పూసిన రాయే. గోడలూ స్లాబూ తర్వాత వచ్చాయి.

*

బడి తెరిచే రోజుల్లో వేపపండ్లు రాలేవి. కొత్త నోటుబుక్కులకు, నిక్కరుకు పైసలు కావాల్సినప్పుడే చెట్టు గింజలిచ్చేది. మాకు అది పెద్ద ఆధారం.

ఇంకా చీకటి ఉండగానే పెద్దమ్మ మమ్మల్ని లేపేది. చీపురు, బుట్ట పట్టుకుని నడిచేవాళ్ళం. పైన కాకులు, గోరింకలు, పిగిలిపిట్టలు ఒకటే గోల. పండు గుజ్జు తిని గింజ వదిలేసేవి. ఆ గింజలు శుభ్రంగా ఉండేవి, వాటిని వేరే ఏరించేది. పచ్చగా మాగిన పండ్లు మేమూ నోట్లో వేసుకుని జుర్రి గింజ ఉమ్మేవాళ్ళం. తియ్యగా, చివర్న కొంచెం చేదుగా ఉండేది. మిగతా పండ్లను బుట్టలో పోసి, ఇసుకతో రుద్ది, నీళ్ళలో కడిగితే గుజ్జు పోయి తెల్లటి గింజలు తేలేవి. ఇంటి చూరు నీడన పలచగా పరిచి ఎండబెట్టేది. కుప్ప పోస్తే బూజు పట్టి నల్లబడతాయని గంటగంటకు చేత్తో కలిపేది. ఎండలో వెయ్యొద్దు, తడిగా మూట కట్టొద్దు. ఇవన్నీ తర్వాత ఉద్యోగంలో నేను రైతులకు చెప్పిన మాటలే. నాకు మొదట నేర్పింది మాత్రం పెద్దమ్మ.

సైకిల్ వెనక రెండు గోనెసంచులు వేసుకుని బేరగాడు వచ్చేవాడు. "యాపగింజలూ... యాపగింజలు కొంటం" అని దూరం నుంచే వినబడేది. మానికతో కొలిచి పైసలు ఇచ్చేవాడు. మానిక మీద గోపురం ఎంత ఎత్తు ఉండాలన్న దగ్గర పెద్దమ్మకు, అతనికి ఏటా గొడవే. ఆ గింజలు నూనె మిల్లుకు పోయేవి. నూనె సబ్బులకు, పిండి పొలాలకు.

*

చదువయ్యాక వ్యవసాయ శాఖలో చేరాను. వరంగల్ చుట్టుపక్కల పత్తి ఊళ్ళు నా పరిధి. ఆ 1997, 98 సంవత్సరాల సంగతి ఆ ప్రాంతం వాళ్ళెవరూ మరిచిపోరు. లద్దెపురుగు, పచ్చపురుగు కాయల్ని తొలిచేస్తుంటే రైతులు అప్పు మీద అప్పు చేసి మందు మీద మందు కొట్టారు. పురుగు చావలేదు, మనుషులు చచ్చిపోయారు. నేను వెళ్ళి పరామర్శించిన ఇళ్ళు ఇప్పటికీ కళ్ళ ముందు ఉన్నాయి.

ఆ కాలంలో ఊరూరా తిరిగి మేం చెప్పింది వేపగింజల కషాయం. అయిదు కిలోల గింజల పప్పు దంచి, పది లీటర్ల నీళ్ళలో రాత్రంతా నానబెట్టాలి. పొద్దున గుడ్డలో వడగట్టి, కొంచెం సబ్బు పొడి కలిపి, వంద లీటర్లు చేసుకోవాలి. ఎండకు దాని పవరు పోతుంది కాబట్టి సాయంత్రం పూటే కొట్టాలి. రచ్చబండ దగ్గర రోలు తెప్పించి నేనే దంచి చూపించేవాణ్ణి. కొందరు నవ్వేవాళ్ళు, కొందరు చేసేవాళ్ళు. చేసినవాళ్ళకు ఖర్చు తగ్గిందన్నది నేను కళ్ళారా చూసింది. పురుగు ఎక్కువైపోయాక కాదు, గుడ్డు దశలో, పిల్ల పురుగు దశలో కొడితేనే పని చేసేది.

ఇంకో సంగతి ఆ రోజుల్లోనే ఆఫీసులో చర్చకు వచ్చేది. వేపనూనెతో బూజు తెగుళ్ళను అరికట్టే పద్ధతి మీద 1994లో యూరప్ పేటెంట్ కార్యాలయం అమెరికా వ్యవసాయ శాఖకు, డబ్ల్యూ.ఆర్. గ్రేస్ కంపెనీకి కలిపి పేటెంట్ ఇచ్చింది. మన దగ్గర తాతల నాటి నుంచి ఉన్న పనికి వాళ్ళ పేరు ఏమిటని పర్యావరణ ఉద్యమకారిణి వందనా శివ, మరికొందరు పోరాడారు. 2000లో దాన్ని రద్దు చేశారు, అప్పీలు కూడా 2005లో కొట్టేశారు. ఆ వార్త వచ్చిన రోజు మా ఆఫీసులో అందరికీ మిఠాయి పంచాం. మనది మనకు దక్కిందన్న సంతోషం అది.

ఏ మొక్కకు బూజు వచ్చినా వేపనూనె రాయమని చెప్పిన మాకు, వేపకే శిలీంధ్రం పడుతుందన్న ఆలోచన ఎప్పుడూ రాలేదు. కానీ మేం పత్తి చేలల్లో తిరుగుతున్న ఆ 1997లోనే మైసూరు శాస్త్రవేత్తలు వేప కొమ్మల్ని ఎండబెట్టే ఒక శిలీంధ్రాన్ని గుర్తించి, ఫోమాప్సిస్ అజాడిరక్టే అని పేరు పెట్టారు. డెహ్రాడూన్ వైపు కూడా ఆ పదేళ్ళలోనే కనబడింది. మా దాకా ఆ కబురు రావడానికి ఇరవై ఏళ్ళు పైనే పట్టింది.

*

2021. ఆ ఎండాకాలం కరోనా రెండో విడత. ఊళ్ళో ప్రతి గుమ్మానికీ మళ్ళీ వేప మండలు కట్టారు. నా చిన్నప్పుడు అమ్మవారు పోసిన ఇళ్ళకు కట్టేవాళ్ళు, ఆ ఏడు అన్ని ఇళ్ళకూ కట్టారు. వేపాకు నీళ్ళతో స్నానాలు, వేపాకు పొగ, వాకిట్లో పసుపు నీళ్ళు. భయం అలాంటిది. పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి కదా మనిషికి.

వానలు బాగా పడ్డాయి. బతుకమ్మ పండుగ దగ్గర పడుతుండగా చిన్నాయన కొడుకు ఫోన్ చేశాడు. అప్పటికి నేను రిటైరై హైదరాబాద్‌లో ఉన్నాను.

"అన్నా, పోచమ్మ దగ్గర యాప చెట్టు ఎండిపోతుందే. మన బాయికాడిది కూడా. ఊళ్ళె యాడ జూసినా గదే."

మర్నాడే బయలుదేరాను. వరంగల్ రోడ్డు పొడుగునా చూస్తూ పోయాను. భువనగిరి దాటాక మొదలైంది. చుట్టూ చెరువులు నిండి, చేలు పచ్చగా ఉన్నాయి, వేపచెట్లు మాత్రం పైనుంచి నిప్పు సెగ తగిలినట్టు మాడిపోయి ఉన్నాయి. మర్రి బాగుంది, చింత బాగుంది, కానుగ బాగుంది. ఒక్క వేపే. బస్సులో పక్కనున్నాయన కూడా కిటికీలోంచి చూసి తల తిప్పుకున్నాడు. ఆ రోజు నాకు కలిగిన బాధ మనుషుల విషయంలో కలిగే బాధలాంటిదే, దాచుకోవాల్సిన పని లేదు.

ఊళ్ళో ఎవరికి తోచింది వాళ్ళు అంటున్నారు. సెల్ టవర్ల వల్ల అని ఒకరు, కరోనా చెట్లకు దిగిందని ఒకరు, పోచమ్మకు కోపం వచ్చిందని చాలామంది. అప్పటికే జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు కొమ్మలు తెచ్చి పరీక్ష చేసి, ఫోమాప్సిసే అని తేల్చారు. డైబ్యాక్, అంటే కొమ్మ ఎండు తెగులు. టీ దోమ అని మేం పిలిచే నల్లి జాతి పురుగు కూడా దీనికి తోడైంది. జీడిమామిడికి, జామకు పట్టే పురుగే అది. లేత చిగురులో రసం పీలుస్తుంది, గుచ్చిన చోట గాయమవుతుంది, ఆ గాయంలోంచి శిలీంధ్రం లోపలికి పోతుంది.

నేను ఒక ఎండు రెమ్మ విరిచి కుర్రాళ్ళకు చూపించాను. కొస నుంచి వెనక్కి గోధుమ రంగు పాకుతూ వచ్చింది. చచ్చిన భాగం మీద సన్నటి నల్ల చుక్కలు. తడి తగిలితే వాటిలోంచి బీజాలు బయటికి వస్తాయి, వాన చినుకులతో చిట్లి పక్క కొమ్మకు పోతాయి. అందుకే వానాకాలంలో మొదలై, చలికాలం వచ్చేసరికి చెట్టంతా ఎండినట్టు కనబడుతుంది. చిన్న మొక్కా, ముసలి చెట్టూ అన్న తేడా లేదు. పూత మీద పడితే పూత మాడుతుంది, కాయ మీద పడితే కాయ కుళ్ళుతుంది. గింజలో కూడా దాక్కుంటుంది.

*

గుడి పక్కన ఎండిన చెట్టు ఉంటే గాలికి కొమ్మ విరిగి ఎవరి మీదన్నా పడుతుందని, కొట్టించేద్దామని కొందరు నిర్ణయం చేసుకున్నారు. రంపం మిషన్ అతనికి కబురు కూడా పోయింది. పెద్దమ్మకు అప్పటికి నడుము వంగిపోయింది, కర్ర పట్టుకునే నడక. పొద్దున్నే వచ్చి చెట్టు మొదట్లో గద్దె మీద కూర్చుంది. ఎవరు చెప్పినా లేవలేదు. "వాడొచ్చేదాకా ఆగుండ్రి, వాడు సదువుకున్నోడు" అని నా పేరు చెప్పి ఆపిందట.

నేను చేసింది చిన్న పనే. ఎండినట్టున్న కొమ్మ మీద, కొస నుంచి జానెడు కిందికి వచ్చి గోటితో బెరడు గీకాను. గోధుమ రంగు. ఇంకో మూరెడు కిందికి వచ్చి గీకాను. పచ్చగా తడి కనబడింది. పెద్దమ్మకు కళ్ళు సరిగ్గా ఆనవు, అందుకని ఆమె వేలు పట్టుకుని ఆ తడి మీద ఆనించాను. "పానముంది" అంది.

ఆ మాట మీదే ఊరి వాళ్ళందరికీ చెప్పాను. ఇది కొసలను తినే రోగం. వేళ్ళు బాగున్నాయి, మాను బాగుంది. ఎండాకాలం మళ్ళీ చిగురిస్తుంది, తొందరపడొద్దు. ఎండిన కొమ్మలను, పచ్చి కూడా కొంచెం కలిపి కోసెయ్యాలి. కోసినవి చెట్టు కింద వదిలెయ్యకుండా కాల్చెయ్యాలి. వదిలేస్తే వచ్చే వానలకు వాటిమీది నల్ల చుక్కలే మళ్ళీ రోగం పెడతాయి. కోసిన తర్వాత శిలీంధ్రాన్ని చంపే కార్బెండజిమ్ మందు నీళ్ళలో కలిపి పిచికారీ చెయ్యాలి, కొన్ని రోజులు ఆగి టీ దోమకు మందు.

మందు అనేసరికి అందరూ పెద్దమ్మ వైపు చూశారు. పోచమ్మ చెట్టు మీద పురుగుమందు కొట్టడమా అని ఒకతను అడగనే అడిగాడు. పెద్దమ్మ చెప్పిన జవాబు ఆమె మాటల్లోనే రాస్తాను.

"ఊరందరి రోగాలకు ఈ చెట్టే మందాయె. దానికి రోగమొస్తే మనం మందెయ్యకుంటే ఎట్ల కొడుకా? కొట్టుండ్రి. ఆమెకు నేను చెప్పుకుంట."

మామిడితోటకు వాడే ట్రాక్టర్ స్ప్రేయర్ తెచ్చారు. అయినా పై కొమ్మలకు మందు అందలేదు. అంత ఎత్తు చెట్టుకు పూర్తిగా కొట్టడం మా ఊరి సాధనాలతో కాని పని. అందిన మేరకు కొట్టాం. కుర్రాళ్ళు నడుముకు తాళ్ళు కట్టుకుని ఎక్కి, ఎండిన కొమ్మలు కోశారు. ఊరవతల బీట్లో కుప్ప వేసి కాల్చారు. పెద్దమ్మ మాత్రం చలికాలమంతా రోజూ ఒక బిందె నీళ్ళు మొదట్లో పోయించింది. ఆ బిందెతో తెగులు పోదని నాకు తెలుసు. ఆపమని చెప్పడానికి నోరు రాలేదు, చెట్టుకు నీళ్ళు ఎప్పుడూ చెడు కాదు కూడా.

*

తర్వాతి ఉగాదికి ఆ చెట్టుకు పువ్వు లేదు. మా వాడకట్టులో వేపపువ్వు కోసం పక్క ఊరికి మనుషుల్ని పంపారు. పెద్దమ్మ చీర పరవని ఉగాది అదొక్కటేనని ఇంట్లో అందరూ అంటారు.

కానీ ఆకు వచ్చింది. రాగి రంగు లేత చిగురు కొసల నుంచి కాకుండా, లావు కొమ్మల మీద గుత్తులు గుత్తులుగా పొడుచుకొచ్చింది. చూడ్డానికి చెట్టు ఆకారమే మారిపోయింది. వీడియో కాల్ చేసి చూపించారు, కెమెరా అటూ ఇటూ ఊగుతుంటే వెనక నుంచి పెద్దమ్మ గొంతు, "సూసినవా, సూసినవా" అని. రోడ్డు పొడుగునా మాడిన చెట్లలో చాలావరకు అట్లాగే తేరుకున్నాయి.

తెగులు పూర్తిగా పోయిందని మాత్రం చెప్పలేను. వానలు పడి ముసురు పట్టిన ఏడాదల్లా కొసలు కొన్ని మాడుతున్నాయి. అందుకే ఇప్పుడు ఎవరైనా వేప మొక్కలు పెంచుతామంటే నేను ఒకటే అడుగుతాను, గింజ ఏ చెట్టుది అని. రోగం ఉన్న చెట్టు గింజ వద్దు. వానాకాలంలోనూ కొసలు పచ్చగా నిలిచిన చెట్టు చూసి, దాని గింజే ఏరాలి. ఏరాక నెలల తరబడి దాచకూడదు, వేపగింజ తొందరగా మొలకెత్తే శక్తి పోగొట్టుకుంటుంది. వారం పది రోజుల్లో మట్టి నింపిన సంచుల్లో నాటెయ్యాలి.

సైకిల్ బేరగాడు రావడం మానేసి చాలా ఏళ్ళయింది. గింజలు ఏరేవాళ్ళూ లేరు. మా ఊళ్ళో ఇప్పుడు వేపపండ్లు చెట్టు కిందే కుళ్ళిపోతున్నాయి. రైతులు వేపనూనె మాత్రం బజార్లో సీసా కొనుక్కుంటున్నారు. ఇది నాకు నచ్చని సంగతి, ఊరికి పోయినప్పుడల్లా అంటూనే ఉంటాను.

*

ఆ 2021లో తొందరపడి కొట్టేసినవాళ్ళూ ఉన్నారు. మా మేనల్లుడు వాళ్ళ ఇంటి వెనక రెండు చెట్లు, వాళ్ళ తాత నాటినవి. నేను ఊరికి చేరకముందే రంపం పడింది. కలపకు మంచి రేటు కూడా రాలేదట. పెద్దకర్మ భోజనాలయ్యాక అతను నన్ను పెరట్లోకి తీసుకుపోయాడు. ఒక మోడు పూర్తిగా పోయింది. రెండో మోడు పక్క నుంచి పిలకలు వచ్చాయి. అన్నీ ఉంచితే దేనికీ బలం రాదని, బలమైనది ఒకటి ఉంచి మిగతావి తీసేశాడు. అది ఇప్పుడు ఇంటి కప్పు దాటింది.

"మామా, పోయిన వానకాలం దీనికి కూడా కొసలు ఎండినయ్. కోసిన. ఇంకేమన్న కొట్టాల్నా?"

కోసినవి కాల్చావా అని అడిగాను. కాల్చానన్నాడు. ఇంత చిన్న చెట్టుకు చేతిపంపుతోనే మందు అందుతుంది, వానలు మొదలవగానే చిగుళ్ళ మీద ఒకసారి కొట్టమన్నాను. మందు పేరు, నీళ్ళ కొలత అతని ఫోన్‌లో టైప్ చేసి ఇచ్చి, సాయంత్రం బస్సుకు బయలుదేరాను.